డెంగీ: జ్వరం విడిచాక పిల్లల ఐసీయూలో

జ్వరం నాలుగో రోజు పొద్దున్న బాబు ఒళ్లు చల్లబడింది. తగ్గిందనుకున్నాం. మధ్యాహ్నానికి వాంతులు, కడుపునొప్పి, చేతులూ కాళ్లూ మంచుముక్కలు. డెంగీలో గండం ఎక్కువగా జ్వరం విడిచేటప్పుడేనని అమలాపురంలో డాక్టరు గారు చెప్పాకే తెలిసింది. అక్కణ్ణించి కాకినాడ, పిల్లల ఐసీయూ.

వాడికి ఆరేళ్లు, 18 కిలోలు. బీపీ 90/72. ఆ రెంటికీ తేడా 20కి పడిపోతే షాక్, అంటే ఒంటికి రక్తం సరిగా అందని స్థితి కింద లెక్కట, వాడికి 18. కిలోకి 10 మి.లీ. చొప్పున మొదటి గంటలో 180 మి.లీ. సెలైన్ పెట్టారు.

బయట మా ధ్యాసంతా ప్లేట్‌లెట్ల మీదే. 38 వేలు అనగానే మావగారు రక్తదాతలకి ఫోన్లు, ఆడపడుచు బొప్పాయి ఆకు రసం. సాయంత్రం డాక్టరమ్మ కాగితం తీసి, "పీసీవీ చూడండమ్మా" అన్నారు. రక్తంలో ఎర్రకణాల వంతు నూటికి ఎంతో చెప్పే అంకె అది. 36 ఉన్నది 44 అయింది. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతే, మరిగిన చారులా రక్తం చిక్కబడుతుంది. ఈ ఊరడం ఒకటి రెండు రోజులుంటుంది. పీసీవీ దిగుతూ నాడి బాగుంటే మంచిదే. పీసీవీ దిగుతూ బీపీ కూడా పడిపోతే లోపల రక్తస్రావమేమోనని చూస్తారు. ఈ ఒక్క ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే ఆ ఫోన్లన్నీ తప్పేవి.

"స్టేబులే అండి" అని సిస్టర్ అంటే గండం గడిచిందనుకుని ఇంటికి కబురు పెట్టాం. రాత్రి డ్యూటీ డాక్టరు "ఇంకా క్రిటికలే" అన్నారు. కాస్త గొడవైంది. నిజానికి రెండూ నిజమే: ఆ వేగంతో సెలైన్ వెళ్తున్నంతసేపూ అంకెలు నిలబడ్డాయి, అంతే. అప్పట్నించి "స్టేబులేనా" అని అడగడం మానేసి, నోటుపుస్తకంలో నాలుగే రాసుకున్నాం: గంటకి సెలైన్ ఎంత, పీసీవీ ఎంత, బీపీ తేడా ఎంత, ఒంటేలు ఎంత. వాడి బరువుకి గంటకి 9 నుంచి 18 మి.లీ. వస్తే చాలన్నారు. అడిగేది నేనొక్కదాన్నే. విన్నది తిరిగి చెప్పేదాన్ని, "ఇంతేనాండీ?" అని. "సెలైన్ తగ్గించారు, అంటే వైద్యం ఆపేస్తున్నారా?" అన్న మా అనుమానం అలాగే తీరింది. బయటికెళ్లిన నీరు మళ్లీ రక్తంలోకి వచ్చేటప్పుడు సెలైన్ అదే జోరున ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుందట.

ఇంకోటి, అలారం. కాలి బొటనవేలికి రక్తంలో ఆక్సిజన్ చూసే ఎర్రలైటు క్లిప్పు ఉంటుంది. వాడు కాలు ఆడిస్తే అది జారి మిషను మోగేది, మా ఆయనకి గుండె జారేది. సిస్టర్ ముందు పిల్లాడి మొహం చూసి, తర్వాత క్లిప్పు సర్దేది. అది చూశాక మేమూ మిషను వంక చూడటం మానేశాం.

జ్వరం లేకుండా రెండు రోజులు, తిండి, ఒంటేలు బాగుండి, ప్లేట్‌లెట్లు పెరుగుతుంటే పంపేశారు. కాళ్ల మీద ఎర్ర దద్దు, మధ్యలో తెల్ల మచ్చలు, ఒకటే దురద. కోలుకునేటప్పుడు మామూలేనట. చీటీ మీద మళ్లీ ఎప్పుడు తీసుకురావాలో తెలుగులో రాయించుకున్నాం: ఆగని వాంతులు, నల్లటి విరేచనం, మగత.