వెన్నుపాము దెబ్బ తర్వాత దిగులు: మనసుకు ముందు బీపీ, బ్యాగు, మాత్రలు చూడండి

వెన్నుపాము దెబ్బతిని వీల్‌చైర్‌కు పరిమితమైన మనిషి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటే, చుట్టూ ఉన్నవాళ్లు "ఆ పరిస్థితిలో ఎవరికి దిగులుండదు?" అంటారు, లేదంటే "మనసు గట్టి చేసుకో నాయనా" అంటారు. మొదటి మాటే ఎక్కువ ప్రమాదం. జాలిగా వినిపిస్తుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు, వైద్యం అక్కడే ఆగిపోతుంది. దిగులు సహజమే కావచ్చు. డిప్రెషన్ మాత్రం జబ్బు, దానికి మందుంది.

అయితే మనసు సంగతి తేల్చేముందు శరీరాన్ని చూడాలి. మెడ దగ్గరగానీ ఛాతీ పైభాగంలోగానీ, అంటే టీ6 (ఛాతీ భాగంలో ఆరో వెన్నుపూస), ఆ పైన దెబ్బ తగిలినవారికి ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం, దెబ్బకు పైభాగంలో చెమటలు, ఒళ్లు జలదరింపు, చెప్పలేని భయం వస్తాయి. చూసేవాళ్లు టెన్షన్ అనుకుంటారు. అది చాలాసార్లు అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా. దెబ్బకు కింద ఎక్కడో ఇబ్బంది ఉంది, ఆ కబురు మెదడుకు చేరక బీపీ పైకి ఎగబాకుతోందన్నమాట. వీరి మామూలు బీపీ తక్కువగా, పై అంకె 90 నుంచి 110 మధ్య ఉంటుంది. కాబట్టి 140 చూసి "పెద్దగా ఏం లేదులే" అనుకోకూడదు. తమ మామూలు అంకె మీద 20 నుంచి 40 పెరిగిందంటే ప్రమాదమే.

ఆ సమయంలో పడుకోబెట్టకూడదు. ఒంట్లో బాగోలేదంటే వెంటనే పడుకోబెట్టడం మన ఇళ్లలో అలవాటు, ఇక్కడ దానివల్ల బీపీ ఇంకా పెరుగుతుంది. నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు కిందికి దించాలి. బెల్టు, మొలతాడు, కాలికి కట్టే యూరిన్ బ్యాగ్ (లెగ్ బ్యాగ్) పట్టీ, బూట్లు వదులు చేయాలి. తర్వాత యూరిన్ గొట్టం మెలిపడిందా, బ్యాగ్ నిండిందా చూడాలి. గొట్టం లేనివారికి వెంటనే క్యాథెటర్‌తో, అంటే సన్నని గొట్టంతో, మూత్రం తీయాలి. కారణం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. కాకపోతే గట్టిపడిన మలమో, పుండో, లోపలికి పెరిగిన కాలిగోరో అయి ఉంటుంది. అయిదేసి నిమిషాలకు బీపీ చూస్తూ ఉండాలి. కారణం దొరక్కపోయినా, బీపీ దిగకపోయినా 108కి ఫోన్ చేసి, వచ్చినవారికి ఈ జబ్బు పేరు, మామూలు బీపీ అంకె చెప్పాలి. దీన్ని టెన్షన్ అనుకుని నిద్రమాత్ర ఇస్తే అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

కండరాల బిగుతుకు వాడే బ్యాక్లోఫెన్‌తో ఇంకో చిక్కు. ఊరెళ్లినప్పుడు మాత్రలు అయిపోయి ఒక్కసారిగా ఆపితే లేనివి కనబడటం, కంగారు, జ్వరం, ఫిట్స్ రావచ్చు. ఇంట్లోవాళ్లు మతి చెడిందనుకుంటారు. ఈ మాత్రను తగ్గించాలన్నా డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగానే తగ్గించాలి. వారం రోజుల మాత్రలు ఎప్పుడూ అదనంగా ఉంచుకోవడం మంచిది.

అసలు డిప్రెషన్ ఎలా బయటపడుతుంది? ఏడుపుకంటే ముందు చిన్నచిన్న పనులు ఆగిపోతాయి. కుర్చీలో 15-30 నిమిషాలకోసారి ముందుకు వంగి పుండ్లు పడకుండా ఒకటి రెండు నిమిషాలు పిరుదుల మీద బరువు తీసే మనిషి, ఆ పని మానేస్తాడు. రోజూ అద్దం పెట్టి ఎర్రమచ్చలు చూసుకునేవాడు అద్దం తీయడు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి గొట్టంతో మూత్రం తీసుకోవాల్సింది వాయిదా వేస్తాడు. ఒక విడతకు 500 మిల్లీలీటర్లు దాటుతుంటే ఆలస్యమవుతోందనో, నీళ్లు ఎక్కువ తాగుతున్నాడనో అర్థం. పెళ్లికో, ఫంక్షన్‌కో వెళ్లాలంటే వీల్‌చైర్ పట్టే బాత్‌రూమ్ ఉండదని ముందురోజు నుంచే నీళ్లు తగ్గించేసేవారూ ఉన్నారు. ఇది దిగులు కాదు, సిగ్గూ లెక్కా కలిసిన సర్దుబాటు. ఫలితం మాత్రం ఇన్‌ఫెక్షన్, జ్వరం, మళ్లీ మంచం.

డిప్రెషన్‌ను అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 ఫారం వాడేటప్పుడు జాగ్రత్త. నిద్ర, ఆకలి, నీరసం ప్రశ్నలకు వెన్నుపాము గాయమే మార్కులు వేసేస్తుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతుంటే నిద్ర ఎక్కడ పడుతుంది? తిప్పేవారికీ పట్టదు. అందుకే మొదటి రెండు ప్రశ్నలు బరువైనవి: గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులుగా, ఆశ లేనట్టు ఉండటం. ఒక్కోదానికి 0 (అసలు లేదు) నుంచి 3 (దాదాపు రోజూ) మార్కులు. రెండూ కలిపి 3 వచ్చినా సైకియాట్రిస్ట్‌ను కలవాల్సిందే. చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి 1 వచ్చినా ఆ రోజే మాట్లాడాలి. సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఇంట్లో పురుగుమందు, మాత్రల డబ్బాలు తాళం వేసి పెట్టాలి.

మందుల విషయంలో సైకియాట్రిస్ట్‌కు వెన్నుపాము సంగతి, రీహాబ్ డాక్టర్‌కు మానసిక మందుల సంగతి చెప్పాలి. నరాల మంటకు ఇచ్చే ఎమిట్రిప్టిలిన్ మలబద్ధకం పెంచుతుంది, మూత్రం ఆపుతుంది. డులాక్సెటిన్ కొందరికి నరాల నొప్పికీ దిగులుకీ రెండింటికీ పనికొస్తుంది. ఏది సరిపోతుందో డాక్టర్లే తేల్చాలి.

క్లినిక్ మూడో అంతస్తులో, లిఫ్ట్ లేకుండా ఉంటే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేయవచ్చు. నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోన్ పక్కన మాత్రల చీటీ పెట్టుకోండి. రాత్రిళ్లు లేచి పక్కకు తిప్పే భార్యో, తల్లో తమ సంగతి చెప్పుకోవడానికి కూడా అదే నంబరు.