టైమ్ రాయని శాండ్‌విచ్

మా ల్యాబులో ట్యూబు మీద పేరు లేకపోతే ఆ శాంపిల్ తీసుకోం. పేరు ఉండి, తీసిన టైమ్ రాయకపోయినా ఫోన్ చేసి అడుగుతాం. నేను విజయవాడ సూర్యారావుపేటలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో టెక్నీషియన్‌ని. పదకొండేళ్లుగా ఇదే పని. కల్చర్‌కి, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షకి, ఇచ్చిన యూరిన్ డబ్బా రెండు గంటలకు మించి బయట ఉండిపోతే మళ్లీ కొత్తది ఇవ్వమంటాం. ఆ వేడికి అందులో క్రిములు పెరిగిపోయి రిపోర్టు తప్పు వస్తుంది. రక్తమూ అంతే. మామూలు ట్యూబులో అలాగే వదిలేస్తే రక్తకణాలే అందులోని షుగర్‌ని వాడేసుకుంటాయి. గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గుతుంది. అందుకే షుగర్ పరీక్షకు ఆ తగ్గుదలను అడ్డుకునే మందు ఉన్న, బూడిదరంగు మూత ట్యూబు వాడతాం.

రోజంతా ఇలా గడియారం చూసి పనిచేస్తాను. అయినా ఆమధ్య ఎనిమిది నెలల పాటు మధ్యాహ్నం నేను తిన్నది ఎప్పుడు చేశారో తెలియని శాండ్‌విచ్.

ఎందుకో చెబుతాను. మా ఇల్లు గుంటూరు కొరిటెపాడులో. ఫాస్టింగ్ శాంపిల్స్ కోసం జనం పొద్దున్నే వస్తారు కాబట్టి నా డ్యూటీ ఏడింటికి మార్చారు. అంటే ఐదున్నరకల్లా నేను గుమ్మం దాటాలి. అంతకుముందు తొమ్మిదింటి డ్యూటీ ఉన్నప్పుడు అత్తయ్యా నేనూ కలిసి మూడు క్యారేజీలు కట్టేవాళ్లం. మా వారిది, బాబుది, నాది. డ్యూటీ మారాక మొదటి వారం నాలుగింటికి లేచి చూశాను. సాయంత్రం తిరుగు రైల్లో మంగళగిరి రాకముందే తల వాలిపోయేది. ఇంటికొచ్చి బాబు హోంవర్క్ చూసే ఓపిక ఉండేది కాదు. దాంతో నా క్యారేజీ ఒక్కటి మానేశాను. ల్యాబు వీధి చివర బేకరీ ఉంది. డెబ్బై రూపాయలకు చికెన్ మయోనైజ్ శాండ్‌విచ్, మూడు కోణాల ముక్కలు రెండు, పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఇస్తారు. గిన్నె కడగక్కర్లేదు, బ్యాగులో నూనె కారదు. రద్దీ రోజుల్లో ఐదు నిమిషాల్లో తినేసి మళ్లీ గ్లవ్స్ వేసుకోవచ్చు. నిజంగా సుఖంగానే అనిపించింది. నెలకు ఇరవై ఆరు రోజులు, 1,820 రూపాయలు. అది నా నిద్రకు కట్టే డబ్బు అనుకున్నాను, ఇప్పటికీ ఆ లెక్క తప్పని అనను.

ఏప్రిల్‌లో ఒక రోజు సాయంత్రం బండి కృష్ణా కెనాల్ స్టేషన్‌లో ఆగినప్పుడు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి మొదలైంది. గుంటూరు చేరేసరికి నిలబడలేకపోయాను. ఆ రాత్రంతా వాంతులు, విరేచనాలు, జ్వరం. తర్వాత రెండు రోజులు సెలైన్. డాక్టరుగారు తిన్నవాటి గురించి అడిగి, బయటి తిండే అయ్యుంటుందన్నారు. నేను కల్చర్ చేయించుకోలేదు కాబట్టి ఆ శాండ్‌విచ్ వల్లే అని రాసి సంతకం పెట్టలేను. ఆ పొద్దున స్టేషన్‌లో టీ కూడా తాగాను. కానీ మంచం మీద పడుకున్న ఆ రెండు రోజులూ ఒకటే ప్రశ్న తొలిచింది. దాన్ని ఎన్నింటికి చేశారు?

మళ్లీ డ్యూటీలో చేరిన రోజే వెళ్లి బేకరీ అబ్బాయిని అడిగాను. పాపం, ఏమీ దాచలేదు. “మా దగ్గర చెయ్యరు మేడం. వేరే చోట తెల్లారి నాలుగింటికల్లా కట్టేస్తారు, ఆరింటికి ఆటోలో ట్రేలు వస్తాయి” అన్నాడు. ఆ ట్రేలు అద్దాల బీరువాలో పెడతారు. ఫ్రిజ్ కాదు, లోపల పసుపు బల్బు వెలుగుతూ ఉంటుంది, సమోసాలు వెచ్చగా ఉండడానికి. దాని పై అరలోనే శాండ్‌విచ్‌లు. నేను తినేది ఒంటిగంటన్నరకు. అంటే తొమ్మిదిన్నర గంటలు.

మా ల్యాబులో క్రిములను పెంచడానికి ఇంక్యుబేటర్ ఉంటుంది. 37 డిగ్రీలకు పెట్టి, ప్లేట్లు లోపల ఉంచి, మర్నాడు తీసి చూస్తాం. బెజవాడలో ఏప్రిల్ మధ్యాహ్నం గది వేడి అటూ ఇటూగా అంతే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు, ఆ రోజుల్లో అంతకంటే ఎక్కువే. తిండి 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉండకూడదని మాకు పాఠంలోనే చెప్పారు. అటు చల్లగానైనా ఉండాలి, ఇటు పొగలు కక్కుతూనైనా ఉండాలి. మయోనైజ్‌ని చాలా చోట్ల పచ్చి గుడ్డుసొనతో చేస్తారు. పచ్చి గుడ్డులో సాల్మోనెల్లా అనే క్రిమి ఉండే అవకాశం ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో పచ్చి గుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది, 2025 ఏప్రిల్‌లో తమిళనాడూ అదే పని చేసింది. ఈ వార్తలు నేను చదివాను. చదివి కూడా తిన్నాను. ఆకలి, తొందర ఉన్నప్పుడు చదివింది గుర్తుకు రాదు.

మే నెల నుంచి మళ్లీ క్యారేజీ మొదలుపెట్టాను. మొదటి రోజే ఒక విషయం నన్ను ఆపేసింది. నేను గిన్నె మూత పెట్టింది ఐదుంపావుకు. తినేది ఒంటిగంటన్నరకు. ఎనిమిదింపావు గంటలు! శాండ్‌విచ్‌కీ దీనికీ గంటన్నర కూడా తేడా లేదు. మా ల్యాబులో మూడు ఫ్రిజ్‌లు ఉన్నాయి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య నడుస్తాయి, కానీ వాటిలో పరీక్షలకు వాడే రసాయనాలూ శాంపిల్సూ ఉంటాయి కాబట్టి తిండి పెట్టకూడదు. అది చాలా గట్టి నియమం, అలాగే ఉండాలి కూడా. కాబట్టి నా క్యారేజీ కూడా ఆ వేడిలోనే ఉంటుంది. ఇంటిది కాబట్టి మంచిదే అనుకుని సరిపెట్టుకోవడానికి నా మనసు ఒప్పుకోలేదు. అత్తయ్యను అడిగాను.

ఆవిడ తెనాలి దగ్గర పల్లెటూరివారు. చిన్నప్పుడు రెండు రోజుల ప్రయాణాలకు మూటలు కట్టి పంపిన ఇల్లు వాళ్లది. ఆవిడ చెప్పిన ప్రతి మాటా నాకు మా పాఠంలోదే వేరే భాషలో విన్నట్టు ఉంది. “దారికి పులుపైనా ఉండాలి, వేపుడైనా ఉండాలి, పొడైనా ఉండాలి. నీళ్లోడేది మాత్రం వద్దమ్మాయ్” అన్నారు. చింతపండు పులుపు ఉన్నచోట చాలా క్రిములు ఎదగలేవు. వేపుడులో, పొడిలో నీరు తక్కువ, నీరు లేకపోతే అవి పెరగలేవు. పులిహోర ప్రయాణపు తిండి ఎందుకైందో పదకొండేళ్లు మైక్రోబయాలజీ చేసిన నాకు ఆ పొద్దున వంటింట్లో అర్థమైంది.

అప్పుడే నాకు అనిపించింది, శాండ్‌విచ్‌లో తప్పేమీ లేదని. బర్మింగ్‌హామ్‌లో ఉన్న మా పిన్ని కూతురు వారానికి నాలుగు రోజులు అదే తింటుంది. అక్కడ అట్టపెట్టెలో పెట్టి, ‘ఈ తేదీలోపు తినాలి’ అని ముద్ర వేసి, చల్లటి అరలో అమ్ముతారు. ఇంగ్లండ్‌లో అలాంటి చల్లటి తిండిని 8 డిగ్రీలు దాటనివ్వకూడదని చట్టమే ఉంది. తేదీ దాటితే దుకాణం వాళ్లే పారేస్తారు. అంటే ఆ శాండ్‌విచ్‌తో పాటు చలి కూడా చేసినచోటి నుంచి తినేవాళ్ల చేతి దాకా వెంట వస్తుంది. మన దగ్గరికి శాండ్‌విచ్ వచ్చింది, చలి రాలేదు. పులిహోరకు ఆ చలి అక్కర్లేదు.

ఇప్పుడు నా వారం ఎలా ఉంటుందో రాస్తాను, ఎవరికైనా పనికొస్తుందని.

వారంలో రెండు రోజులు పెరుగన్నం. దీనికి ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే పెరుగు కలిపేస్తే మధ్యాహ్నానికి పళ్లు పులిసేంత పుల్లన. వేడి అన్నాన్ని గరిటెతో బాగా మెత్తగా నలిపి, కాచిన పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక తోడు వెయ్యాలి. మే నెలలో అర చెంచా పెరుగు చాలు, డిసెంబరులో రెండు చెంచాలు కావాలి. అల్లం తురుము, చల్లారిన తాలింపు కలిపి మూత పెడితే, నేను శాంపిల్స్ చూసుకునే ఆ ఎనిమిది గంటల్లో అది గిన్నెలోనే తోడుకుంటుంది. ఒంటిగంటన్నరకు మూత తీస్తే కమ్మటి వాసన. పక్కన ఊరమిరపకాయ ఒకటి, మాగాయ ముక్క ఒకటి. పాలల్లో పెరిగే మంచి క్రిములు పులుపు పుట్టించి చెడ్డవాటిని అంత తేలిగ్గా ఎదగనివ్వవు. బయటి వేడి ఇక్కడ మనకు పనిచేసి పెడుతుంది. ఇంత తెలివైన వంట ఇంకోటి నాకు తెలియదు.

మిగతా రోజుల్లో ఒకరోజు పులిహోర, ఒకరోజు గోంగూర పచ్చడి కలిపిన అన్నం, తక్కిన రెండు రోజులు దొండకాయో గోరుచిక్కుడో వేపుడు, కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి. కాయలు ముందురోజు రాత్రే తరిగి ఉంచుతాను, మా వారు గిన్నెలు కడిగి బోర్లించి తుడిచిపెడతారు. అందువల్ల నాలుగింటికి కాకుండా నాలుగున్నరకు లేస్తే సరిపోతుంది. ఆ అరగంట నాకు చాలా విలువైనది.

ఎండాకాలంలో నేను తీసుకెళ్లనివి: కొబ్బరి పచ్చడి, బంగాళాదుంప కూర, పచ్చి ఉల్లిపాయలు, టమాటా పప్పు. పప్పు మధ్యాహ్నానికి తీగ సాగుతుంది. రాత్రి మిగిలిన అన్నం అసలు పట్టుకెళ్లను. ఈ మాట కాస్త గట్టిగా చెబుతున్నాను. అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే క్రిమి తాలూకు బీజాలు ఉడికినా చావవు. అన్నం వెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మేలుకుని విషం తయారుచేస్తాయి, వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే పొద్దున వండిన అన్నాన్నే పళ్లెంలో ఆరబోసి, ఫ్యాను కింద ఆవిరి పోయాక, పులుపో, నూనె కలిపిన పొడో పట్టించి గిన్నెలో పెడతాను. పొగలొస్తుండగా మూత బిగిస్తే ఆ ఆవిరంతా నీరై అన్నం మీదే పడుతుంది.

ఇలా రాస్తుంటే మా ల్యాబులో రక్తం తీసే అమ్మాయి గుర్తొస్తోంది. ఇరవై రెండేళ్లు, మొగల్రాజపురంలో హాస్టల్‌లో ఉంటుంది. హాస్టల్ వంట తయారయ్యేది ఎనిమిదింటికి, తను బయల్దేరేది ఆరున్నరకు. గదిలో స్టవ్ పెట్టనివ్వరు. “అక్కా, మీకైతే ఇల్లుంది” అంది ఒకరోజు, కోపంగా కాదు, ఉన్నమాట చెప్పింది. నా దగ్గర వెంటనే జవాబు లేదు. క్యారేజీ కట్టుకోవాలంటే పొయ్యి కావాలి, ఫ్యాను కింద పళ్లెం పెట్టే చోటు కావాలి, తోడు మనిషి కావాలి. అవేవీ లేనివాళ్లకు కట్టుకు రమ్మని చెప్పడం న్యాయం కాదు.

ఇద్దరం కలిసి వీధులు తిరిగి చూశాం. రెండు వీధుల అవతల ఒకాయన బండి మీద బ్రెడ్ ఆమ్లెట్ వేస్తాడు. గుడ్డు మన కళ్ల ముందే పగులుతుంది, పెనం మీద రెండువైపులా కాలుతుంది, చేతిలో పెట్టేసరికి పట్టుకోలేనంత వేడి. నలభై రూపాయలు. అదీ శాండ్‌విచ్చే కదా. ఇప్పుడు వారంలో మూడు రోజులు తను అది తింటుంది. పెరుగన్నం రోజుల్లో నేను పెద్ద గిన్నె తెస్తాను. మిగిలిన రోజు అరటిపళ్లు, వేరుశనగ ఉండలు. రెండో అంతస్తు వెనక మెట్ల మీద కూర్చుని తింటాం, అక్కడ కాస్త గాలి తగులుతుంది. శాండ్‌విచ్ తిన్న ఎనిమిది నెలల్లో ఎవరితోనైనా కలిసి తిన్నట్టు నాకు ఒక్క మధ్యాహ్నం కూడా గుర్తులేదు.

ల్యాబు అలవాటు కొద్దీ నా క్యారేజీ మూత మీద తెల్ల టేపు ముక్క అంటించి మార్కర్‌తో టైమ్ రాయడం మొదలుపెట్టాను. ‘పెరుగన్నం, 5-10’ అని. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. మా వారు మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. అక్కడ లోపలికి వెళ్లే ప్రతి టిక్కీకీ, అంటే మిర్చి బస్తాకీ, లాట్ నంబరు, తేదీ ఉండాల్సిందే, కాబట్టి ఆయనకు ఇందులో వింతేమీ లేదు.

నిన్న పొద్దున నేను బయల్దేరుతూ చూశాను. బల్ల మీద ఆయన క్యారేజీకి కూడా టేపు ఉంది. అత్తయ్య చేతిరాత, పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు: ‘గోరుచిక్కుడు, 5-20’. దాని కింద చిన్నగా ఇంకో వరస: ‘ఒంటిగంటకల్లా తినాలి’.