వంతెన ఎక్కిన శాక్సాఫోన్

మా చిన్నమావయ్య శ్రీకాకుళంలో ఒక బ్యాండు సెట్‌లో శాక్సాఫోన్ వాయిస్తాడు. పెళ్ళిళ్ళ సీజన్ లేనప్పుడు ఆయన సాధనంతా నాగావళి గట్టు మీదే, ఎందుకంటే ఇంట్లో మొదలెడితే చుట్టుపక్కలవాళ్ళు తలుపులేసుకుంటారు, మా అత్తయితే తలుపు కూడా వెయ్యదు, తిన్నగా తిడుతుంది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆయనకి అమెరికా జాజ్ శాక్సాఫోన్ విద్వాంసుడు సోనీ రోలిన్స్ సంగతి చెప్పాను. "ఏట్రా, అమెరికాలోనూ పక్కింటోళ్ళ గొడవేనా?" అన్నాడు.

గొడవ కాదులే, మొహమాటం. 1959లో రోలిన్స్‌కి ఇంకా ముప్ఫై నిండలేదు, జాజ్‌లో అప్పటికే పెద్ద పేరు. ఆ పేరుకి తగ్గట్టు వాయించట్లేదని తనకే అనిపించి కచేరీలు మానేశాడు. న్యూయార్క్‌లో వాళ్ళ ఇంటి పక్కనే ఒక గర్భిణి ఉండేది, ఆవిడకి ఇబ్బందని విలియమ్స్‌బర్గ్ వంతెన ఎక్కి, పక్కన రైళ్ళు, కార్లు పోతుంటే, కింద నదిలో పడవలు కూత పెడుతుంటే, ఎండా చలీ చూడకుండా ఒక్కోరోజు 15 గంటల దాకా వాయించేవాడట. ఇలా రెండేళ్ళు! 1961లో తిరిగొచ్చి, మరుసటేడు 'ది బ్రిడ్జ్' అనే ఆల్బమ్ ఇచ్చాడు, అందులో పియానో బదులు జిమ్ హాల్ గిటార్. నిజం చెప్పాలంటే ఆ కథ నన్ను కదిలించినంతగా ఆల్బమ్ కదిలించలేదు.

కొత్తగా వినేవాళ్ళు 1956 నాటి 'శాక్సాఫోన్ కొలోసస్'తో మొదలెట్టండి. ఒక్క రోజులో రికార్డు చేసిన ఐదు ట్యూన్లు, అప్పటికి అతనికి పాతికేళ్ళే. మొదటిది 'సెయింట్ థామస్'. తల్లిదండ్రులది కరీబియన్ సముద్రంలోని వర్జిన్ దీవులు, అమ్మ పాడగా చిన్నప్పుడు విన్న పాటనే ఇలా వాయించాడు. మ్యాక్స్ రోచ్ డ్రమ్స్ మొదలెట్టగానే మా మావయ్య కాలు ఆడించడం మొదలుపెట్టాడు. అసలు ట్యూను అయ్యాక రోలిన్స్ రెండే రెండు స్వరాలు పట్టుకుని, ముందుకీ వెనక్కీ జరుపుతూ, కాసేపు వాటితోనే ఆడుకుంటాడు. అక్కడ మావయ్య నా ఫోన్ లాక్కుని వెనక్కి తిప్పి మూడుసార్లు విన్నాడు. "వేళ్ళు పరిగెత్తించడం ఎవుడైనా చేస్తాడ్రా, ఈడు ఆగి ఆలోచిస్తన్నాడు" అన్నాడు. నేను ఇన్నేళ్ళుగా వింటున్నా ఇంత బాగా చెప్పలేకపోయాను.

1957లో ఇంకో సాహసం, అసలు పియానోనే తీసేసి బేస్ (మంద్రంగా మోగే పెద్ద తీగవాద్యం), డ్రమ్స్ మాత్రం పెట్టుకుని 'వే అవుట్ వెస్ట్' చేశాడు. పక్కన స్వరాల దన్ను లేదు, తప్పు వాయిస్తే దాక్కోడానికి చోటుండదు. తర్వాత మరోసారి సంగీతం పక్కనపెట్టి మన దేశానికొచ్చి, బొంబాయి పొవాయ్‌లో ఒక ఆశ్రమంలో కొన్ని నెలలున్నాడు కూడా. 2001లో ట్విన్ టవర్స్ కూలినప్పుడు ఆ దగ్గర్లోనే ఉండేవాడు, శాక్సాఫోన్ పట్టుకుని ఇల్లు ఖాళీ చేసి, నాలుగు రోజులకే బోస్టన్‌లో కచేరీ చేశాడు. ఆ రికార్డింగూ దొరుకుతుంది. డెబ్భై దాటిన మనిషి ఊపిరి అది అంటే మావయ్య నమ్మలేదు.

అన్నీ విని చివరికి ఆయన అడిగింది మాత్రం, "మరి ఆ రెండేళ్ళూ ఇల్లెలా గడిచిందిరా?" అని. తర్వాత అతను పెళ్ళాడిన లూసిల్ ఉద్యోగం చేసేదన్నాను.

అత్త వంటింట్లోంచి తొంగి చూసింది. మావయ్య శాక్సాఫోన్ పెట్టె తీసుకుని, చెప్పులేసుకుని, ఏటి గట్టుకి బయల్దేరాడు.