పానగల్ దాకా పోయి రావడానికి ఒక కరెంటు సైకిల్

మన దగ్గర బైక్ అంటే మోటారు సైకిలే. అందుకే ఎలక్ట్రిక్ బైక్ కొనబోతున్నానని కళాశాలలో చెప్పగానే, అది గంటకు ఎంత వేగం పోతుంది, నెలకు పెట్రోలు ఎంత మిగులుతుంది అని సహోద్యోగులు అడగసాగారు. నేను కొనదలచుకున్నది పెడల్స్ ఉన్న మామూలు సైకిలేననీ, దానికి తోడుగా ఒక చిన్న మోటారు మాత్రమే ఉంటుందనీ, అది కూడా ఉద్యోగానికి పోవడానికి కాదు, పొద్దున పూట ఊరికే తిరిగి రావడానికేననీ చెప్పేసరికి వాళ్ల ఉత్సాహం సగం చల్లారింది. ఒకరు మాత్రం, "తొక్కేదే అయితే మోటారెందుకు సార్, మోటారున్నంక తొక్కుడెందుకు?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు తేల్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. జవాబు తేలిన తరువాత సైకిల్ ఎంపిక పెద్ద కష్టం కాలేదు.

నాకు 52 ఏళ్లు. నల్లగొండ పట్టణం నుంచి పానగల్‌కు, అక్కడ ఛాయా సోమేశ్వరాలయం ముందు కాసేపు కూర్చుని, ఉదయసముద్రం కట్ట మీదుగా కొంత దూరం పోయి తిరిగి రావడం నా అలవాటు. అటూ ఇటూ తిరిగితే 15 నుంచి 20 కిలోమీటర్లు అవుతుంది. మామూలు సైకిల్ మీద రెండేళ్లు ఈ దారి తిరిగాను. పోయేటప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. ఆషాఢం వచ్చిందంటే మాత్రం ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు పడమటి గాలి ఎదురుగా కొడుతుంది. ఆ గాలికి ఎదురు తొక్కిన రోజున సాయంత్రానికి కుడి మోకాలు వాచేది. సైకిల్ తొక్కడం మోకాలికి మంచిదే కానీ బలవంతంగా నొక్కి తొక్కవద్దని డాక్టరు చెప్పారు. నాకు మోటారు కావలసింది అందుకే: ఆగిన చోట నుంచి బయలుదేరేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, ఎదురుగాలిలో కాలి మీద పడే ఆ అదనపు బరువును అది మోయాలి. మిగిలినదంతా నేనే తొక్కాలి. తొక్కడమే ఇష్టం లేకపోతే స్కూటర్ కొనుక్కోవడం మేలు.

ముందుగా చట్టం సంగతి, ఎందుకంటే దుకాణాలలో ఎక్కువ గందరగోళం ఇక్కడే చూశాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం, మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండి, వేగం 25 కిలోమీటర్లకు చేరేసరికి గానీ, అంతకు ముందే మనం తొక్కడం ఆపితే గానీ మోటారు తోడ్పాటు ఆగిపోయే, బరువు 60 కిలోలకు మించని సైకిల్‌ను మోటారు వాహనంగా లెక్కించరు. కనుక రిజిస్ట్రేషను, లైసెన్సు, ఇన్సూరెన్సు అక్కరలేదు. ఒక దుకాణంలో "లాక్ తీసేస్తే 40 పోతది సార్, ఫ్రీగనే తీసిస్తం" అని ఎంతో ఆప్యాయంగా చెప్పారు. వేగాన్ని 25 దగ్గర ఆపే ఆ లాక్ తీసిన క్షణం నుంచి అది చట్టం దృష్టిలో సైకిల్ కాదు, రిజిస్ట్రేషను లేని మోటారు వాహనం. పైగా సైకిల్ కోసం చేసిన బ్రేకులతో 40 వేగం మీద పోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. నేను ఆ దుకాణం మెట్లు మళ్లీ ఎక్కలేదు.

దుకాణాల వాళ్లందరూ మొదట చెప్పేది ఒక్క చార్జింగ్‌కు ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్క. "60 పక్కా సార్" అన్నది నేను ఎక్కువసార్లు విన్న మాట. నేను పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ని కాబట్టి ఈ లెక్క నేనే వేసుకున్నాను. బ్యాటరీ మీద 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అని రాసి ఉంటే, రెండింటినీ గుణిస్తే 360 వాట్ అవర్లు వస్తాయి. అంటే కరెంటు బిల్లు భాషలో యూనిట్‌లో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. మనం కూడా తొక్కుతూ, చదునైన రోడ్డు మీద 18, 20 వేగంతో పోతే కిలోమీటరుకు 6 నుంచి 8 వాట్ అవర్లు ఖర్చవుతాయి. పెడల్ ముట్టకుండా ఎక్సిలేటర్ తిప్పి పూర్తి వేగంతో పోతే ఆ ఖర్చు 10 నుంచి 15 దాకా పోతుంది. అంటే అదే బ్యాటరీ ఒకరికి 50 కిలోమీటర్లు, ఇంకొకరికి 30 కూడా ఇవ్వకపోవచ్చు. దుకాణంలో చెప్పే 60 పూర్తిగా అబద్ధమని అనను, తేలికైన మనిషి గాలి లేని రోజున ఓపికగా తొక్కితే వస్తుందేమో. వేగం విషయంలో ఇంకొక మాట ఉంది. గాలిని చీల్చుకుని పోవడానికి కిలోమీటరుకు కావలసిన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 20 నుంచి 25కు పోతే ఆ ఒక్క ఖర్చే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పొద్దున తిరగడానికి పోయేవాడికి ఆ 5 కిలోమీటర్ల తేడాతో పనేమిటో నాకు అర్థం కాలేదు. నా దారి 20 కిలోమీటర్లే కనుక, పెద్ద బ్యాటరీ కోసం ఇంకో పది వేలు పెట్టడం, మూడు కిలోల బరువు మోయడం అనవసరమని అక్కడే నిర్ణయించుకున్నాను.

అసలు తేడా అంతా మన కాలు పెడల్ మీద పడినప్పుడు మోటారు ఎలా స్పందిస్తుంది అన్న దగ్గర ఉంది. ఇది కాగితం మీద చదివితే తెలియదు, ఎక్కి తొక్కితేనే తెలుస్తుంది. తక్కువ ధర సైకిళ్లలో కేడెన్స్ సెన్సర్ ఉంటుంది. పెడల్ ఇరుసు దగ్గర ఒక చిన్న బిళ్ల, దానికి చుట్టూ అయస్కాంతాలు, అవి తిరుగుతున్నాయా లేదా అన్నదొక్కటే అది చూస్తుంది. ఎంత బలంగా తొక్కుతున్నామో దానికి పట్టదు. అందువల్ల మనం తొక్కడం మొదలుపెట్టిన పావు చుట్టుకో అర చుట్టుకో మోటారు ఒక్కసారిగా అందుకుంటుంది. మొదటి దుకాణం ముందు సందులో నేను మలుపు తిరుగుతూ మెల్లగా పెడల్ కదిపితే, సైకిల్ ముందుకు దూకి పక్కన ఆగి ఉన్న కూరగాయల బండికి జానెడు దూరంలో ఆగింది. బండి ఆయన నన్ను ఏమీ అనలేదు కానీ, టమాటలను ఒకసారి చూసుకున్నాడు.

టార్క్ సెన్సర్ ఉన్నది హైదరాబాదులో ఒకసారి తొక్కి చూశాను. అది కాలి బలాన్ని కొలిచి దానికి తగినంతే కలుపుతుంది. మెల్లగా తొక్కితే మెల్లగా, గట్టిగా తొక్కితే గట్టిగా. మోటారు ఉందన్న సంగతే మరచిపోయి, నా కాళ్లకే ముప్పై ఏళ్ల కిందటి బలం వచ్చిందేమో అనిపించింది. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి, డబ్బు పెట్టగలిగితే, నేను చెప్పేది ఇదే. నా దగ్గర ఉన్న సొమ్ముకు అది అందలేదు. అందుకని కేడెన్స్ సెన్సర్ ఉన్నవాటిలోనే అయస్కాంతాలు ఎక్కువగా, అంటే 12 ఉన్నదాన్ని చూశాను. బిళ్ల మీద అయస్కాంతాలు ఎంత దగ్గరగా ఉంటే మోటారు అంత త్వరగా అందుకుంటుంది, మనం ఆపితే అంత త్వరగా ఆగుతుంది. దానితోపాటు బ్రేకు పట్టగానే మోటారుకు కరెంటు తెగిపోయే స్విచ్ రెండు బ్రేకులకూ ఉందా అని చూసుకున్నాను. ఒక సైకిల్‌కు ఒకవైపే ఉంది. కేడెన్స్ సెన్సర్ ఉన్న బండికి ఈ స్విచ్ లేకపోతే తీసుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

ఇంకొక పరీక్ష నేనే కల్పించుకున్నాను. ప్రతి దుకాణంలోనూ బ్యాటరీ తీసి పక్కన పెట్టమని, ఉత్త సైకిల్‌ను ఒక కిలోమీటరు తొక్కి వచ్చాను. దుకాణదారులకు ఇది వింతగా తోచింది. కట్ట మీద చార్జింగ్ అయిపోతే నేను ఇంటికి రావలసింది అలాగే కదా. వెనక చక్రం నడుమ ఉండే హబ్ మోటార్లలో రెండు రకాలున్నాయి: లోపల పళ్ల చక్రాలు, ఫ్రీవీల్ ఉన్నవి కరెంటు లేనప్పుడు చక్రాన్ని స్వేచ్ఛగా తిరగనిస్తాయి; అవి లేని నేరు మోటార్లు అయస్కాంతాల లాగుడుతో చక్రాన్ని పట్టి ఉంచుతాయి. నేను తొక్కిన ఐదింటిలో రెండు అలా బరువుగా లాగాయి. మూడోదాని సీటు ఎంత ఎత్తినా నా కాలు చాపుకోవడానికి రాలేదు. సీటు తక్కువ ఎత్తులో ఉంటే మోకాలు ఎక్కువగా మడుచుకుని నొప్పి పెడుతుంది. మోటారు ఎంత మంచిదైనా దాన్ని సరిచేయలేదు.

ఫ్రేము విషయంలో నా ఎంపిక చూసి మిత్రులు ఇప్పటికీ నవ్వుతారు. నడుమ దండె లేని, కాలు లోపలి నుంచి పెట్టి ఎక్కే ఫ్రేము తీసుకున్నాను. మన భాషలో లేడీస్ సైకిల్. సైకిల్ 24 కిలోల బరువు ఉంది, వెనక క్యారియర్ మీద సంచి ఉంటుంది, మోకాలు సరిగా లేదు. అటువంటప్పుడు కాలు వెనక నుంచి తిప్పి ఎక్కుతూ ఒరిగిపోవడం కంటే నవ్వించుకోవడం మంచిదనుకున్నాను. పైగా మా ఆవిడ చీర కట్టుకుని కూడా దాన్ని తొక్కగలదు. ఇప్పుడు ఆదివారాలు సైకిల్ నాకు దొరకడం లేదు.

బ్యాటరీ గురించి దుకాణాలలో ఎవరూ చెప్పని సంగతి ఒకటి మన జిల్లాకు చాలా ముఖ్యం. లిథియం అయాన్ బ్యాటరీని సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మే నెలలో నల్లగొండలో గాలి వేడే ఆ అంకె దగ్గరికి పోతుంది. రేకుల షెడ్డులో పెట్టిన సైకిల్ బ్యాటరీ లోపల ఇంకా ఎక్కువే ఉంటుంది. అందుకని బ్యాటరీ తీయడానికి వచ్చేదై ఉండాలని మొదటే అనుకున్నాను. తిరిగి వచ్చాక దాన్ని ఇంట్లోకి తెచ్చి, గంటసేపు చల్లారనిచ్చి, తరువాతే చార్జింగ్ పెడతాను. ఎండాకాలం మాత్రం రాత్రి భోజనాలయ్యాకే పెట్టి, పడుకునే ముందు తీసేస్తాను. 2 ఆంపియర్ల చార్జర్‌తో ఖాళీ బ్యాటరీ నిండడానికి 5 గంటలు పడుతుంది, నా తిరుగుడుకు సగం కూడా ఖాళీ కాదు. సెలవులకు ఊరికి పోయేటప్పుడు పూర్తిగా నింపి కాకుండా సగం చార్జింగుతో వదిలి పోతాను. బ్యాటరీ పాడైతే కొత్తదానికి సైకిల్ ధరలో మూడో వంతు దాకా అవుతుందని తెలిసిన తరువాత ఈ జాగ్రత్తలు ఛాదస్తమని ఎవరన్నా పట్టించుకోవడం మానేశాను.

లైటు సంగతి చిన్నదే కానీ మన రోడ్ల మీద ప్రాణానికి సంబంధించినది. కోతల కాలంలో రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి, మీద నల్లని పరదాలు కప్పి, అంచుకు రాళ్లు పెడతారు. తెల్లవారుజామున ఆ రాళ్లు కనిపించవు. సైకిల్‌తో వచ్చిన లైటు ఎదుటివారికి మనల్ని చూపించడానికే సరిపోయింది కానీ మనకు దారి చూపించలేదు, అందుకని వేరే కొనుక్కున్నాను. డిస్క్ బ్రేకులు రెండు చక్రాలకూ ఉండాలన్నది కూడా ఆ రాళ్లు నేర్పినదే. చట్టం అడగకపోయినా హెల్మెట్ పెట్టుకుంటాను.

చివరికి 38 వేలు పెట్టి 26 అంగుళాల చక్రాలు, 7 గేర్లు ఉన్నదాన్ని నల్లగొండలోనే కొన్నాను. హైదరాబాదులో ఇంకొంచెం మెరుగైనది దొరికేదే, కానీ ఒక వైరు తెగితే నూరు కిలోమీటర్లు మోసుకుపోవడం నా వల్ల కాదు. 26 అంగుళాల ట్యూబు, టైరు, బ్రేకు దిమ్మెలు మన బజారులో దొరుకుతాయి. కొనే ముందు దుకాణదారును అడిగింది ఒక్కటే: మోటారుకు కరెంటు ఎంత పోవాలో చూసే కంట్రోలర్, చార్జర్ విడిగా అమ్ముతారా, ఇప్పుడు దుకాణంలో ఉన్నాయా అని. ఉన్నాయని చెప్పడం కాదు, తీసి చూపించమన్నాను. చూపించారు.

కొన్న మూడో వారంలో పానగల్ నుంచి తిరిగి వస్తుంటే వెనక చక్రం గాలి పోయింది. మోటారు ఉన్న చక్రం అదే. వైరు జాయింటు ఊడదీసి, పెద్ద పానాతో బోల్టులు విప్పితే కానీ ఆ చక్రం రాదు, నా దగ్గర పానా లేదు. నడిపించుకుంటూ రోడ్డు పక్క పంచర్ దుకాణానికి పోయాను. అక్కడి ముసలాయన చక్రం చుట్టూ తిరిగి, వైరును వేలితో ముట్టకుండా చూపించి, "ఇది షాక్ కొడుతదా సారూ?" అని అడిగాడు. బ్యాటరీ తీసి చేతికిచ్చాను. ఆయన సైకిల్‌ను పక్కకు పడుకోబెట్టి, చక్రం విప్పకుండానే టైరును ఒకవైపు లేపి, ట్యూబును ఆ సందులో నుంచి గుంజి, నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూసి, అతుకు వేసి మళ్లీ లోపలికి తోశాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. తీసిన ముల్లును నా అరచేతిలో పెట్టాడు. సర్కారు తుమ్మ ముల్లు.