కొత్త పనులు సరే, సగంలో ఉన్నవాటి సంగతేంటి?

మాది చిన్న మున్సిపాలిటీ. నేను చూసేది ఇంజనీరింగ్ సెక్షన్ ఫైళ్ళు, దాంతోపాటు కౌన్సిల్ ఎజెండా తయారు చేయడం. బజార్లో ఎవరు కలిసినా అడిగేది ఒకటే, "ఏమండీ మా వీధి కాలువ శాంక్షన్ అయిందన్నారు, ఇంకా ఆ ఊసే లేదే" అని. వాళ్ళ బాధ నాకు అర్థమవుద్ది. కౌన్సిల్లో తీర్మానం అయిపోతే ఇక పని అయిపోయినట్టే అనుకుంటారు, కానీ ఆ తర్వాత ఇంజనీర్ల నుంచి టెక్నికల్ శాంక్షన్ రావాలి, టెండర్ పిలవాలి, పాత బిల్లులు రాలేదని ఒక్కోసారి కాంట్రాక్టర్లు ఎవ్వరూ వేయరు, మళ్ళీ పిలవాలి, దక్కినవాళ్ళు వచ్చి అగ్రిమెంట్ చేసుకోవాలి, పని జరగాలి, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు జరిగిన పని రాసే ఎం-బుక్‌లో కొలతలు ఎక్కించాలి, డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారు చెక్ చేయాలి, అప్పుడు బిల్లు అకౌంట్స్‌కి వెళ్ళాలి. వీటిలో ఎక్కడ ఆగినా వీధిలో వాళ్ళకి కనపడేది తవ్వి వదిలేసిన గుంట ఒక్కటే.

ఒక కాలువ సంగతి చెప్తాను. మొత్తం 120 మీటర్లు. రెండు వైపులా గోడలు పోసేశారు, చివర్న కల్వర్టులో కలవాల్సిన చోట కరెంటు స్తంభం అడ్డొచ్చి 6 మీటర్లు మిగిలిపోయింది. స్తంభం జరపాలంటే కరెంటు ఆఫీసు వాళ్ళు వచ్చి చూసి ఎస్టిమేట్ ఇవ్వాలి, ఆ డబ్బు మనం ముందే కట్టాలి, అదేమో అసలు ఎస్టిమేట్‌లో లేదు కాబట్టి మళ్ళీ కౌన్సిల్‌కి పెట్టాలి. ఈలోపు వానలొచ్చాయి. పై వీధుల నీళ్ళన్నీ ఆ కాలువలో పడి చివరిదాకా వచ్చి, పోయే దారి లేక అక్కడున్న ఇళ్ళ ముందే నిలబడ్డాయి. ఒక మామ్మగారు గేటు నుంచి రోడ్డు దాకా ఇటుకలు పేర్పించుకుని, గోడ పట్టుకుని ఒక్కో ఇటుక మీద అడుగేసుకుంటూ పాలపాకెట్టుకి వెళ్ళేవారు. మా రిపోర్టులో మాత్రం ఆ పని 95 శాతం పూర్తి. లెక్క తప్పు కాదు, 114 మీటర్లు అయిన మాట నిజమే. కానీ నీళ్ళు పోని కాలువ 95 శాతం ఉంటే ఎంత, 50 ఉంటే ఎంత?

అందుకే ఇప్పుడున్న కమిషనర్ గారు ఆ పర్సంటేజీ కాలమ్‌ని రివ్యూ షీట్ నుంచి తీయించేయడం నాకు చాలా నచ్చింది. దాని బదులు తర్వాత జరగాల్సింది ఏంటి, ఫైలు ఎవరి టేబుల్ మీద ఉంది, ఏ తేదీకి కదలాలి, ఈ మూడే ఉంటాయి. సోమవారం గ్రీవెన్స్‌లో జనం ఇచ్చిన అర్జీలు పక్కన పెట్టుకుని మంగళవారం పొద్దున్నే ఇంజనీరింగ్, టౌన్ ప్లానింగ్, శానిటేషన్, అకౌంట్స్ అందరం ఒకచోట కూర్చుంటాం. స్తంభం ఫైలు ఎక్కడుందో అలాగే తేలింది, డబ్బు ఏ హెడ్ (ఖర్చు పద్దు) కింద కట్టాలో తెలీక అకౌంట్స్‌లో ఆగిపోయింది. పక్కపక్క గదులే, కానీ ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఎజెండాలో కూడా ఇప్పుడు పాత పనుల జాబితా మొదటి అంశం, ఆ తర్వాతే కొత్తవి. మొదట్లో కౌన్సిలర్లు కొందరు ఒప్పుకోలేదు, తమ వార్డుకి కొత్త పని చూపించుకోవాలని వాళ్ళకి ఉంటుంది, అది సహజం. పాత జాబితాలో తమ వార్డు పని చదివినప్పుడు గట్టిగా అడిగే అవకాశం దొరికేసరికి ఇప్పుడు వాళ్ళే ముందు అది చదవమంటున్నారు.

డబ్బుల సంగతి కూడా జనానికి తెలియాలి. కేంద్ర నిధుల పంపకం తేల్చే 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి మాలాంటి చిన్న ఊళ్ళకి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం లాంటివాటికే వాడాలన్నారు, 40 శాతం మాత్రమే మిగతా అవసరాలకి. పైగా ఆడిట్ లెక్కలు ఆన్‌లైన్లో పెట్టాలి, ఆస్తి పన్ను వసూళ్ళు ఏటా పెరుగుతూ ఉండాలి, అప్పుడే గ్రాంటు అన్నారు. అంటే ఆఫీసులో లెక్కలు తేల్చడం లేటైతే ఆ దెబ్బ వెళ్ళి ఎక్కడో వార్డులో కాలువ మీద పడుద్ది. మార్చి వచ్చిందంటే స్టాఫ్ అంతా పన్నుల వసూలుకే, ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను ఒకేసారి కడితే 5 శాతం రాయితీ కాబట్టి ఆ నెలంతా కౌంటర్ దగ్గర జనం. సరిగ్గా వానలకి ముందు కాలవల పూడిక తీయించాల్సిన రెండు నెలలూ అలా పోతాయి. ఆ రెండు నెలలూ ఒక్క ఏఈనైనా పన్నుల డ్యూటీ నుంచి వదిలేయాలని నేను ఎప్పటి నుంచో అంటున్నాను, ఇప్పటికీ అంటాను.

ఇంకా నాకు కడుపు మండే విషయం సీసీ రోడ్లు. 2021లో కేంద్రం పథకం అమృత్ 2.0 వచ్చాక చిన్న ఊళ్ళల్లో కూడా ఇంటింటికీ కుళాయి అన్నారు, చాలా మంచి పని. కానీ పైపులైన్ పని పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్ వాళ్ళది, వీధి రోడ్డు మనది. వాళ్ళ లిస్టు, మన లిస్టు పక్కపక్కన పెట్టి చూడకపోతే ఈ ఏడాది పోసిన రోడ్డుని వచ్చే ఏడాది కట్టర్ పెట్టి కోస్తారు, ఆ కోసిన చోట అతుకు ఎప్పుడూ కుంగిపోద్ది. పైపు వేసి, ఇంటి కనెక్షన్లు ఇచ్చి, నీళ్ళు వదిలి లీకులు చూసుకున్నాకే ఆ వీధి రోడ్డుకి టెండర్ పిలవాలి. వీధివాళ్ళు ఇంకొన్నాళ్ళు మట్టిరోడ్డు మీద తిరగాలి, తిట్లు పడతాయి, అయినా సరే ఇదే పద్ధతి.

చివరిగా, సోమవారం అర్జీ ఇచ్చేవాళ్ళకి ఒక మాట. "మా వీధి బాగోలేదు" అని రాయకండి. వీధి పేరు, దగ్గర్లో ఉన్న స్తంభం నంబరు, పని మొదలైంది ఎప్పుడు, ఆగింది ఎక్కడ, ఇవి రాయండి, ఫోటో ఉంటే జత చేయండి. రసీదు తీసుకోండి. మళ్ళీ వచ్చినప్పుడు "ఎప్పుడవుద్ది" అని కాకుండా "ఫైలు ఎవరి దగ్గరుంది" అని అడగండి, ఆ మంగళవారం షీట్‌లో దానికి జవాబు ఉంటుంది, చెప్పాల్సిన బాధ్యత మాది.