డ్రిల్లు మాస్టారి నక్షత్రం

ఏటా ఆగస్టు 14 సాయంత్రం మా అమ్మ చింతపండు డబ్బా దాచిపెట్టేది. అయినా ఓ ఉండ కాజేసేవాణ్ణి. మర్నాడు జెండా వందనానికి డ్రిల్లు మాస్టారు పెట్టుకునే పతకం తోమే పని నాది మరి! ఆ పని దక్కినందుకు క్లాసులో సగం మందికి నా మీద కుళ్ళు.

ఆరు కోణాల నక్షత్రం అది. రాగీ జింకూ కలిసిన లోహం. నడుమ కిరీటం, చుట్టూ ఇంగ్లీషులో ‘బర్మా స్టార్’ అని అక్షరాలు. ముదురు నీలం రిబ్బను, మధ్యలో వెడల్పాటి ఎర్ర చార, అటొకటి ఇటొకటి నారింజ చార. ఒక ఏడు రిబ్బను తీయకుండానే తోమేశాను. చింతపండు పులుసు కారి మరక పడింది. తిడతారని వణికిపోయాను. ఆయన ఒకసారి చూసి, అలాగే జేబుకి తగిలించుకున్నారు.

“స్వాతంత్ర్య దినాన తెల్లదొర బిళ్ళేమిటండీ?” అని తెలుగు మాస్టారు దెప్పేవారు. ఈయన నవ్వి ఊరుకునేవారు. ఊరుకోనిది ఒక్కసారే. మా వాడొకడు మైకులో “రెండో ప్రపంచ యుద్ధంలో వీరత్వం చూపి సంపాదించిన పతకం” అని ఊదరగొడుతుంటే, గబగబా వెళ్ళి మైకు అందుకున్నారు. “వీరత్వానికి కాదు. బర్మా పోరులో పనిచేసిన వాళ్ళందరికీ ఇచ్చారు. మా వంటవాడికీ ఇచ్చారు” అనేసి వచ్చి వరసలో నిలబడ్డారు. మాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన సైన్యంలో వంతెనలూ రోడ్లూ వేసే ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో చేశారు. బెంగళూరులో తర్ఫీదు. అక్కడ అందర్నీ ‘తంబీ’ అనేవాళ్ళట, గుంటూరు వాడైనా సరే. మలేరియా రాకుండా మెపాక్రిన్ మాత్రలు మింగీ మింగీ ఒళ్ళంతా పచ్చబడిపోయేదట. “నలుగు పెట్టిన పెళ్ళికొడుకుల్లా ఉండేవాళ్ళంరా!” అనేవారు.

మాకు కావలసింది తుపాకీ కథ. ఆయన దగ్గరున్నది వంతెన కథ. తొమ్మిదో తరగతిలో బెజవాడ తీసుకెళ్ళినప్పుడు, ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి అదే ఎత్తుకున్నారు. 1944 డిసెంబరు, బర్మాలో కలేవా దగ్గర చిండ్విన్ నది, దాని మీద 1,154 అడుగుల బెయిలీ వంతెన. బెయిలీ అంటే ముందే చేసిపెట్టిన ఇనుప చట్రాలు తెచ్చి అక్కడికక్కడ బిగించేది. అప్పటికి అంత పొడవైన బెయిలీ వంతెన లోకంలో ఇంకోటి లేదట. ఒక్కో ఇనుప చట్రం పదడుగుల పొడవు, 570 పౌన్ల బరువు. ఆరుగురు కలిసి మోయాలి. అది మాకు నోటితో చెబితే ఎక్కలేదు. మర్నాడు డ్రిల్లు పీరియడ్‌లో ఆరుగురి చేత క్లాసు బెంచీ ఎత్తించి గ్రౌండు చుట్టూ తిప్పారు. “ఒకడి అడుగు తప్పితే మిగతా ఐదుగురి కాళ్ళూ పోతాయి” అంటూ పక్కనే నడిచారు. గొణుక్కుంటూ మోశాం. భుజాలు రెండ్రోజులు నొప్పి.

“మీరెంతమందిని చంపారండీ?” అని వారానికోసారి ఎవడో ఒకడు అడిగేవాడు. ఒక్కసారి మాత్రం, “ఇంఫాల్ దగ్గర అటుపక్క బోసుగారి సైన్యంలోనూ మనవాళ్ళే ఉన్నార్రా అబ్బాయ్” అన్నారు. వెంటనే విజిల్ ఊది మమ్మల్ని పరిగెత్తించారు. ఆ మాట ఎంత బరువైందో నాకు అర్థమయ్యేసరికి ఆయన లేరు.

మా బ్యాచి గ్రూపు ఫొటోలో ఎడమ చివర నిలబడింది ఆయనే. నా ప్రతిని చెదలు తినేశాయి. ఎవరి దగ్గరైనా ఉంటే కాస్త వెతికి తీయండి. రిబ్బను మీద మరక కనపడితే నాకో కబురు పెట్టండి.