చెరువులో మొలిచిన కొడిశ

మా ప్రోగ్రాం ఒకరోజు పాకాల అడవిలోని చెట్టును తీసుకెళ్లి ఒడిశాలో నాటింది. డెబ్భై ఏళ్ల కిందటి చీటీ అది. ఇంగ్లిష్ అక్షరాల్లో, వంకర చేతిరాతలో ‘కొడిశ’ అని రాసి ఉంది. మొదటి అక్షరం చెరిగిపోయింది. చేతిరాతను చదివే ప్రోగ్రాం అది ఊరి పేరేమో అనుకుంది, దగ్గరగా ఉన్న పేరు వెతుక్కుంది, ‘ఒడిశా’ అని దిద్దేసి ముందుకు సాగిపోయింది. పక్క గడిలో ‘పాకాల, వరంగల్ జిల్లా, హైదరాబాద్ రాష్ట్రం’ అని ఉన్నా దానికి పట్టలేదు.

జర్మనీలోని హాలే నగరంలో నేను జీతం తీసుకునేది ఇలాంటి వాటిని సరిచేయడానికే. మొక్కను నొక్కి, ఎండబెట్టి, అట్టకు అతికించి, మూలన ఒక చీటీ అంటించి భద్రపరిచే చోటును హెర్బేరియం అంటారు. ఆ అట్టలను ఫొటోలు తీస్తారు. చీటీలోని రాతను ప్రోగ్రాం చదివి గడుల్లోకి విడగొడుతుంది: శాస్త్రీయ నామం, స్థానిక నామం, చోటు, తేదీ, సేకరించిన మనిషి. చోటు పేరును అక్షాంశ రేఖాంశాలుగా మారుస్తుంది. ఆ తర్వాత సమాచారం జీబిఫ్ అనే అంతర్జాతీయ భాండాగారానికి వెళుతుంది. 2001లో మొదలైన ఈ సంస్థ కార్యాలయం కోపెన్‌హాగెన్‌లో ఉంది. ఇప్పటికే రెండు వందల కోట్లకు పైగా నమోదులున్నాయి అందులో. పటం మీద ఒక్కో నమోదు ఒక్కో చుక్క. జీవావరణ శాస్త్రవేత్తలు అక్కడినుంచి ఆ చుక్కలు దించుకుని, వానలూ ఎండల లెక్కలు జోడించి, యాభై ఏళ్ల తర్వాత ఏ చెట్టు ఎక్కడ బతుకుతుందో అంచనా కడతారు. చుక్కే తప్పయితే ఆ పైన కట్టినదంతా పేకమేడ.

ఈ పనికి ‘రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్’ అని పేరు. 2012లో బ్రిటన్‌లో పుట్టిన పేరు. అంతకుముందు ఇలాంటి వాళ్లను ఏమని పిలవాలో విశ్వవిద్యాలయాలకే తెలిసేది కాదట. నేను వరంగల్‌లో కంప్యూటర్ ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఒక బ్యాంకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాశాను. ఆ నాలుగేళ్లలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఇక్కడికి వచ్చి పైథాన్‌తో పాటు ఆర్ భాష, పటాలతో పనిచేసే పరికరాలు నేర్చుకున్నాను. అవన్నీ ఏడాదిలో పట్టుబడ్డాయి. మొక్కలు మాత్రం ఇప్పటికీ పట్టుబడలేదు.

ఆ చీటీ మీద శాస్త్రీయ నామం లేదు. అట్ట మీద పూతా కాతా లేని ఒట్టి కొమ్మ. అమ్మకు ఫోన్ చేశాను.

“అమ్మా, కొడిశ అంటే ఏ చెట్టు?”

“ఏ కొడిశ బిడ్డా? పాలకొడిశనా, ఉత్త కొడిశనా?”

“తేడా ఏమిటి?”

“ఆకు తుంచితే పాలు కారితే పాలకొడిశ. కారకపోతే కొడిశ. దాని ఆకు మేక కూడా ముట్టదు.”

తుంచుదామంటే నా దగ్గరున్నది ఎండిన ఆకు, అదీ ఫొటోలో. ఈ మాట మా బృందంలోని వృక్షశాస్త్రవేత్తకు చెబితే ఆవిడ కుర్చీ దగ్గరకు లాక్కుంది. పాలకొడిశకు ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి. కొడిశకు ఒకటి ఇటు, ఒకటి అటు మారుతూ వస్తాయి. ఫొటోను పెద్దది చేసి చూస్తే మారుతూ ఉన్నాయి. అంటే ఉత్త కొడిశే, శాస్త్రీయ నామం క్లీస్టాంథస్ కొల్లైనస్ అని తేల్చింది. అమ్మ ప్రశ్న లేకపోతే అది ‘గుర్తించనిది’ అనే గోతిలో ఎన్నేళ్లు ఉండేదో.

స్థానిక నామాల గడిని ఇక్కడ చాలామంది అలంకారంగా చూస్తారు. నాకు ఒళ్లు మండే విషయం ఇది. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో ఉండి మొక్కల బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ తెలుగు పేర్లు అడిగి మరీ రాసుకున్నాడు. మన సోమిద చెట్టు పేరే ‘సోయ్‌మిడా’ అనే ప్రజాతి నామంగా ప్రపంచమంతటా చెలామణిలో ఉంది. పలికేవాళ్లలో ఎందరికి అది తెలుగని తెలుసు?

చోట్ల సంగతి ఇంకా చిక్కు. ములుగు అని రాసి ఉంటే ఏ ములుగు? అడవుల ములుగు ఒకటి. సిద్దిపేట జిల్లాలో, అటవీ కళాశాల ఉన్న ములుగు ఇంకొకటి. రెండింటి మధ్య సుమారు 150 కిలోమీటర్లు. అటవీ కళాశాల పేరు కనబడగానే అడవి మొక్కలన్నీ అక్కడివే అనుకోవడం యంత్రానికి సహజం, కొత్తగా చేరిన మనిషికీ సహజమే. పాత చీటీలోని ‘వరంగల్ జిల్లా’ ఆ రూపంలో ఇప్పుడు లేదు. 2016లో ఐదు ముక్కలైంది, 2019లో ములుగు మళ్లీ విడిపోయింది. అందుకని ఏ చీటీని ఆ ఏటి సరిహద్దులతోనే చదివేలా ప్రోగ్రాం రాశాను. ఇక్కడ నేను చేసిన పనుల్లో నాకు కాస్త గర్వంగా ఉన్నది అదొక్కటే.

2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో పెనుగాలికి వేల చెట్లు కూలినప్పుడు ఇక్కడ కూర్చుని సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు దించాను. పది మీటర్లకు ఒక గడి. ముందూ వెనకా పెట్టి తీసివేస్తే పచ్చదనం పోయిన మేర కనిపించింది. కూలినవి మద్దులా, తునికులా, ఇప్పలా అన్నది ఆకాశం నుంచి కనబడలేదు.

బాపుకు ఇవేవీ ఆనవు. ఆయనది మిరప. 2021 చలికాలంలో పూత నిండా నల్ల తామర పురుగు పడి, కొట్టిన మందల్లా వృథా అయి, తోట తోటే పోయింది. “నువ్వు మొక్కల పనిలోనే ఉన్నావు కదా, ఏం కొట్టాలో చెప్పు” అన్నాడు. ఆ పురుగు మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనబడిందని, ఆరేళ్లలో మన దాకా వచ్చిందని చెప్పాను. కాసేపు ఊరుకుని, “అయితే ఆరేళ్ల ముందే తెలుసన్నమాట” అన్నాడు. ఆ రోజు నేను ఫోన్ పెట్టేసిన తీరు నాకే నచ్చలేదు.

మేనమామ ప్రతి పండక్కీ అడిగేది ఒకటే: “పర్మనెంటేనా?” కాదు. ప్రాజెక్టు ఎన్నాళ్లో ఒప్పందం అన్నాళ్లు. పరిశోధన ఉద్యోగులను డాక్టరేట్‌కు ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు తాత్కాలికంగా ఉంచవచ్చని జర్మనీలో చట్టమే ఉంది. జీతం ప్రభుత్వ పట్టిక ప్రకారం, బేరం కుదరదు. నాతో చదివిన వాళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో దీనికంటే బాగా సంపాదిస్తున్నారు. ఈ దారిలోకి వస్తామని అడిగే పిల్లలకు ముందు ఈ మాటే చెబుతాను. తర్వాత, మీ ఊరి చెట్ల పేర్లు ఎన్ని తెలుసో రాసి పంపమంటాను. చాలామంది ఆ రెండోదాని దగ్గరే ఆగిపోతారు.

కొడిశను ఒడిశా నుంచి వెనక్కి తెచ్చాక, పటంలో చుక్కతో సహా బొమ్మ తీసి అమ్మకు పంపాను. సాయంత్రం ఫోన్ వచ్చింది. తమ్ముడు తెరను పెద్దది చేసి చూపించాడట.

“ఇది పాకాల చెరువు నడిమధ్యలో ఉంది కదరా. కొడిశ నీళ్లలో మొలుస్తుందా?”

చూసుకున్నాను. నిజమే. ‘పాకాల’ అని అడిగితే స్థలనామాల పట్టిక చెరువు మధ్యబిందువును ఇచ్చింది. కాకతీయ గణపతిదేవుడి కాలం నుంచీ అక్కడున్నవి నీళ్లే. చుక్కను గట్టు మీదికి జరపవచ్చు, కానీ అదీ అబద్ధమే అవుతుంది. కచ్చితత్వం ఎంతో రాసే గడిలో 10,000 మీటర్లు అని నింపి, చుక్క చుట్టూ వలయం గీసి మళ్లీ పంపాను.

“ఇంత పెద్ద సున్నా ఎందుకు?”

“ఆ సున్నా లోపల ఎక్కడో ఉందని అర్థం అమ్మా.”

“ఆ మాట నన్నడిగినా చెప్పేదాన్ని” అంది.